పిల్ల దొరికింది... ఇంటికెందుకు పంపరు?

అక్రమ రవాణా, వెట్టి, లైంగిక దోపిడీ నుంచి బయటపడిన పిల్లల గురించి వచ్చిన ఉత్తరాలనే ఈసారి తీసుకున్నాం. పేర్లు, ఊళ్లు, బడుల వివరాలు తీసేశాం. ఇలాంటి పిల్లల ఆనవాళ్లు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పత్రికలకే అనుకోకండి. వాట్సాప్ గ్రూపులో ‘మన ఊరి పిల్ల దొరికింది’ అని ఫొటో పెట్టినవాళ్లూ ఇందులోకే వస్తారు.

*

ప్రశ్న: మా అన్నయ్య కూతురికి పదహారేళ్లు. బట్టల షాపులో పనిప్పిస్తానని తెలిసినావిడ తీసుకుపోయింది. నాలుగు నెలల తర్వాత పుణెలో పోలీసులు దాడిచేసి విడిపించారు. హోంలో పెట్టి ఇరవై రోజులైంది. మేం వెళ్తే చూపించారు గానీ మాతో పంపలేదు. ముప్పై వేలిస్తే వారంలో తీసుకొస్తానని ఒక లాయరు అంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక చిన్నాన్న, శ్రీ సత్యసాయి జిల్లా

ఇవ్వకండి. పిల్లను అప్పగించే అధికారం లాయరుకూ లేదు, పోలీసులకూ లేదు, హోం సూపరింటెండెంటుకూ లేదు. అది బాలల సంక్షేమ కమిటీది. అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, మేజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి, నెలలో కనీసం 20 రోజులు కూర్చోవాలి. విడిపించిన పిల్లను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఈ కమిటీ ముందుకు తీసుకురావాలి. కమిటీ సామాజిక విచారణకు ఆదేశిస్తుంది. ఆ నివేదిక 15 రోజుల్లో రావాలి, మొత్తం విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. కాబట్టి ఇరవై రోజులకే మీ కేసు చేయిదాటిపోయినట్టు కాదు. పిల్ల వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి ఇంటి విచారణ మీ జిల్లా నుంచి జరగాలి. ఆ కాగితం పుణె నుంచి మీ జిల్లాకు వచ్చిందా లేదా అన్నదే ఇప్పుడు మీరు పట్టుకోవాల్సింది.

పుణె చుట్టూ తిరగడం ఆపి మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, జిల్లా కేంద్రంలో ఉంటుంది. మీ జిల్లా సీడబ్ల్యూసీ పేరున అర్జీ పెట్టండి: ‘మా పిల్ల పుణె సీడబ్ల్యూసీ సంరక్షణలో ఉంది, చట్టం 95వ సెక్షన్ కింద సొంత జిల్లా కమిటీకి బదిలీ కోరండి’ అని. బదిలీ ఆదేశం అందాక పోలీసులు 15 రోజుల్లో పిల్లను తోడుండి తీసుకురావాలి. ఆడపిల్ల కాబట్టి మహిళా పోలీసు ఉండి తీరాలి. ఖర్చు ప్రభుత్వానిదే, జీపు మాట్లాడమని మిమ్మల్ని అడగకూడదు. అర్జీ మీద ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అది లేకపోతే మీరొచ్చినట్టు ఏ రికార్డులోనూ ఉండదు.

వెంట ఉండాల్సినవి: పిల్ల స్టడీ సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్, పిల్ల పేరున్న రేషన్ కార్డు, పిల్ల ఉన్న కుటుంబ ఫొటో, తప్పిపోయిందని ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని కాపీ. రెండేసి జిరాక్సులు. బడి రికార్డులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మామూలే. ‘ఇద్దరూ ఒకరే’ అని హెడ్‌మాస్టరు చేత రాయించి ముందే పెట్టుకోండి, లేకపోతే అక్కడే నెల పోతుంది. ముందు వరసలో మీరు కాకుండా తల్లిదండ్రులు ఉండాలి. చిన్నాన్ననని, మేనమామనని కాగితాలు పట్టుకొచ్చేవాళ్లలో బ్రోకర్లు కూడా ఉంటారు కనుక కమిటీ అనుమానంగానే చూస్తుంది.

ఇంటి విచారణకు వచ్చినప్పుడు చాలా కుటుంబాలు ఒక పొరపాటు చేస్తాయి. తీసుకుపోయినావిడ ఎవరో తెలియదంటారు. బంధువో, అదే వీధి మనిషో అయితే పరువు కోసం దాస్తారు. పిల్లను కమిటీ ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతుంది, పిల్ల చెప్పేస్తుంది. రెండు మాటలూ కలవకపోతే ‘ఈ ఇల్లు సురక్షితం కాదు’ అని నివేదికలో పడుతుంది. అధికారికి కావాల్సింది కడిగిన గచ్చు కాదు. పిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటుంది, అమ్మానాన్నలు కూలికి పోతే పగలు ఇంట్లో ఎవరుంటారు, ఏ బడిలో చేరుస్తారు, ఆ ఆడమనిషి మళ్లీ గుమ్మంలోకి వస్తే ఏం చేస్తారు – ఈ నాలుగింటికీ సూటిగా జవాబు ఉంటే పని సగం అయినట్టే.

అదే రోజు స్పాన్సర్‌షిప్‌కు కూడా దరఖాస్తు ఇవ్వండి. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద అక్రమ రవాణాకు గురైన పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకునేందుకు నెలకు 4,000 రూపాయలు వస్తుంది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. పిల్ల ఇంటికొచ్చాక ‘తర్వాత చూద్దాం’ అంటే ఇది ఎప్పటికీ తేలదు.

అన్నీ ఇచ్చినా కదలిక లేకపోతే, కమిటీ పనితీరుపై ఫిర్యాదు వినాల్సింది జిల్లా కలెక్టరు. ఆదేశమే నచ్చకపోతే 30 రోజుల్లో పిల్లల కోర్టులో అప్పీలు వేయొచ్చు. లాయరు కావాలంటే ఉచిత న్యాయ సాయం నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఆ ముప్పై వేలు పిల్ల ఇంటికొచ్చాక అవసరపడతాయి.

*

ప్రశ్న: మా చెల్లెలికి పదహారు నిండి ఏడు నెలలు. బ్రోకరు తీయించిన ఆధార్‌లో పందొమ్మిది ఉందట. పోలీసులు మేజరని రాసి వేరే హోంకు పంపారు. ఎముకల పరీక్ష చేయిస్తామంటున్నారు.
– ఒక అక్క, సూర్యాపేట జిల్లా

ఎముకల పరీక్ష వరకు పోనివ్వకండి. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరస స్పష్టంగా ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావడం మామూలు. మీ చెల్లెలి విషయంలో ఆ తేడాయే ఆమెను మేజర్‌ని చేసేస్తుంది. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. ఒకటో తరగతిలో చేరిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు నకలు హెడ్‌మాస్టరు సంతకంతో తీసుకుని, సీడబ్ల్యూసీకీ దర్యాప్తు అధికారికీ ఒకేసారి ఇవ్వండి. వయసు తేలితే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అంటే పోక్సో, సెక్షన్లూ చేరతాయి, కేసు బరువే మారిపోతుంది.

నిజంగా పద్దెనిమిది దాటినవాళ్ల దారి వేరు. వాళ్లను మేజిస్ట్రేటు ముందు పెడతారు. విచారణ సాగినంతకాలం, గరిష్ఠంగా మూడు వారాలు, సురక్షిత సంరక్షణలో ఉంచొచ్చు. ఆ తర్వాత మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహానికి పంపే వీలు కూడా అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో ఉంది. మేజర్‌ను ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా నిర్బంధించడంపై 2022లో సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడింది కనుక, ఇంటికి వెళ్లాలని ఆమే మేజిస్ట్రేటుకు చెప్పడం ముఖ్యం.

*

ప్రశ్న: మా బడిలో తొమ్మిదో తరగతి మధ్యలో మాయమైన అమ్మాయి ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చింది. చేర్చుకోవడానికి హెడ్‌మాస్టరు వెనకాడుతున్నారు, ‘మిగతా తల్లిదండ్రులు ఏమంటారో’ అని. టీచర్లుగా మేం ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, కర్నూలు జిల్లా

చేర్చుకోవాలి. పేరు మీ రికార్డులోనే ఉంది, కొత్త అడ్మిషన్ కూడా కాదు. ‘ఏమంటారో’ అన్న కారణాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమని హెడ్‌మాస్టరును మర్యాదగా అడగండి. రాయరు, చేర్చుకుంటారు.

తర్వాతే అసలు పని. ఈ అమ్మాయి సంగతి బడిలో ఒక్క టీచరుకే తెలియాలి, స్టాఫ్‌రూమ్ అందరికీ కాదు. ఆ టీచరును అమ్మాయే ఎంచుకోవాలి. ‘ఎక్కడికెళ్లావే’ అని తోటిపిల్లలు అడుగుతారు. దానికి చెప్పుకోవడానికి ఒక చిన్న జవాబు – ‘అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నా’ లాంటిది – ఆమెతోనే కూర్చుని ముందే అనుకోండి. కోర్టు, ఆస్పత్రి, కమిటీ తేదీలకు సెలవు ఇచ్చేటప్పుడు హాజరు రిజిస్టరులో కారణం రాయకండి. వెనక బెంచీలో పెట్టొద్దు, తలుపు కనిపించే చోటు ఆమెనే ఎంచుకోమనండి. జరిగింది మీరు తవ్వకండి. ఆమె తనంతట చెబితే వినండి, వాక్యం మధ్యలో ప్రశ్నలు వేయకండి. కొత్త లైంగిక నేరమేదైనా బయటపడితే పోలీసులకు చెప్పడం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంచాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చి తర్వాత చెబితే మళ్లీ ఎవరినీ నమ్మదు.

చదువు బాగా వెనకబడితే కస్తూర్బా విద్యాలయం హాస్టల్‌తో కలిసివస్తుంది. 14 నిండినవాళ్లు ఓపెన్ స్కూలులో నేరుగా పదో తరగతి రాయొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. కానీ ‘ఓపెన్‌లో కట్టు’ అనడం ఆమెను బడి నుంచి వదిలించుకునే మార్గంగా వాడితే మాత్రం తప్పు.

*

ప్రశ్న: మా కాలనీలో ఒక కుటుంబం పదిహేను వేలు బయానా తీసుకుని, బాతులు మేపడానికి పన్నెండేళ్ల కొడుకును ఒక ఆసామి దగ్గర పెట్టింది. పది నెలలకు పిల్లవాణ్ని అధికారులు తెచ్చారు. ఇప్పుడు ఆసామి డబ్బు కట్టమంటున్నాడు. పెద్దమనుషులు సగం కట్టి సర్దుకోమంటున్నారు. వాళ్లు యానాదులు.
– ఒక యువకుడు, నెల్లూరు జిల్లా

ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. దాని 6వ సెక్షన్ ప్రకారం వెట్టి అప్పు తీర్చే బాధ్యతే పోయింది. పైగా అలాంటి అప్పుకింద డబ్బు పుచ్చుకోవడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. పెద్దమనుషులకు ఈ ముక్క చెప్పండి. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది కూడా ఆసామే.

ఇక అసలు సంగతి. ఆ పిల్లవాడికి ‘విడుదల పత్రం’ ఇచ్చారా? నూటికి నూరుపాళ్లు మొదట అడగాల్సింది ఇదే. కలెక్టరు గానీ, ఆర్డీఓ గానీ సంతకం చేసే కాగితం అది. అధికారులు తెచ్చిన పిల్లలను చాలాచోట్ల బాలకార్మికుల లెక్కలో రాసి వదిలేస్తారు. పని తక్కువ, విచారణ తక్కువ. బాలకార్మిక చట్టం కింద యజమానికి 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు ఉన్న మాట నిజమే. కానీ విడుదల పత్రం లేకుండా వెట్టి పునరావాసం రాదు. ఆ పథకం కింద విడిపించగానే 30,000 రూపాయల దాకా తక్షణ సాయం ఇవ్వాలి, దానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. ఆపైన బలవంతపు బాలచాకిరి నుంచి విడిపించిన పిల్లలకు రెండు లక్షలు. లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసులైతే మూడు లక్షలు. ఈ పెద్ద మొత్తం వెట్టి రుజువయ్యాకే పూర్తిగా చేతికి వస్తుంది, అందుకే కేసు నడవడం ముఖ్యం.

ఆర్డీఓకు ఇచ్చే అర్జీలో ఇవి ఉండాలి: బయానా ఎంత, ఎప్పుడు, ఎవరి ఎదుట ఇచ్చారు; పిల్లవాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశాడు; రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని బాతులు; కూలి ఎంత చేతికిచ్చారు; ఇంటికి రావాలంటే రానిచ్చారా; కొట్టారా; పండక్కి పంపారా. ‘వెట్టి’ అన్న మాట రాసి ఊరుకుంటే చాలదు. బయానా ఉంది, పోయే స్వేచ్ఛ లేదు, కనీస వేతనం లేదు – ఈ మూడూ వివరాలతో కనబడితే ఎవరూ కొట్టిపారేయలేరు. వేలిముద్ర వేసేముందు అర్జీ ఆ తల్లిదండ్రులకు చదివి వినిపించండి. తర్వాత వాంగ్మూలంలో వాళ్లు వేరే అంకె చెబితే ఆసామి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

యానాదులు షెడ్యూల్డ్ తెగ. ఆసామి ఎస్సీ, ఎస్టీ కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తుంది. బలవంతపు చాకిరికి ఆ చట్టం నిబంధనల్లో లక్ష రూపాయల సాయం ఉంది, దశలవారీగా ఇస్తారు. ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ లేకపోతే అది రాదు. కాబట్టి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకుని చదవండి.

మరో చిక్కు: ఈ కుటుంబాల్లో చాలామందికి బ్యాంకు ఖాతా ఉండదు, ఉన్నా ఆధార్‌తో జతపడి ఉండదు. పిల్లవాడి పేరున తల్లితో కలిపి ఖాతా ఈ వారమే తెరిపించండి. మంజూరైన డబ్బు ఖాతా లేక తిరిగిపోయిందన్న మాట వినాల్సి రాకూడదు. పిల్లవాణ్ని సీడబ్ల్యూసీ ముందుకు తీసుకెళ్లలేదంటే అది కూడా చేయించాలి. అప్పుడే హాస్టలు, స్పాన్సర్‌షిప్ దారి తెరుచుకుంటాయి. అప్పులపాలైన ఇంట్లో ఇవి లేకపోతే వచ్చే సీజన్‌కు ఇంకో ఆసామి బయానాతో వస్తాడు.

*

ప్రశ్న: పాప ఇంటికొచ్చి రెండు నెలలు. రాత్రిళ్లు నిద్రపోదు. తీసుకుపోయినవాణ్ని తిడితే మా మీదే అరుస్తుంది. వాడికి ఫోన్ చేయాలని చూస్తోంది. దెయ్యం పట్టిందని మా అత్తగారు దర్గాకు తీసుకెళ్దామంటున్నారు.
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

దర్గాకు వెళ్తే వెళ్లండి, అమ్మా, ఎవరూ కాదనరు. కానీ డాక్టరును ఆపకండి.

వాణ్ని తలుచుకోవడం చూసి ‘ఇష్టపడే వెళ్లింది’ అనుకోకండి. ఈ పిల్లలను పట్టేవాళ్లలో చాలామంది మొదట ప్రేమగా ఉంటారు. చీర కొంటారు, జ్వరమొస్తే చూస్తారు, ‘మీ ఇంట్లోవాళ్లకు నువ్వక్కర్లేదు’ అని రోజూ చెబుతారు. తర్వాత కొట్టిన చేయీ, అన్నం పెట్టిన చేయీ ఒకటే అవుతుంది. మీరు వాణ్ని తిట్టినప్పుడల్లా ఆ పిల్ల వాడి తరఫున నిలబడాల్సి వస్తుంది. తిట్టడం మానేసి చూడండి. ఫోన్ విషయంలో కుస్తీ వద్దు. సిమ్ మార్చండి, కొత్త నంబరు ఇద్దరు ముగ్గురికే ఇవ్వండి. వాడు ఫోన్ చేస్తే తేదీ, సమయం రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. సాక్షిని బెదిరించడం కిందకు అదీ రావచ్చు.

రాత్రికి: గదిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండనివ్వండి. గడియ లోపలి నుంచి తనే వేసుకుని తనే తీసుకునేలా ఉండాలి, బయట తాళం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నిద్రలో అరిస్తే పట్టుకుని కుదపకండి. కొంచెం దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, ‘ఇంట్లోనే ఉన్నావు, నేను అమ్మను’ అనండి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనకండి. కొందరికి అక్కడ మందు, మత్తు మాత్రలు అలవాటు చేసి ఉంటారు. ఒక్కసారిగా ఆగితే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు. అది ఆస్పత్రి పని.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యులను చూపించండి. ఒక్కసారితో అయ్యేది కాదు. చేతి మీద కోతలు కనిపించినా, చచ్చిపోతానన్నా వాయిదా వేయకుండా ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా ఉంచకండి.

*

ప్రశ్న: ఇలాంటి పిల్లను మొదట ఆస్పత్రికి తీసుకెళ్లాలా, స్టేషన్‌కా? ‘పోలీసు లెటరు లేకుండా చూడం’ అంటున్నారు.
– ఒక ఆశా కార్యకర్త, అల్లూరి సీతారామరాజు జిల్లా

ఆస్పత్రికి. లెటరు అడగకూడదు. పోక్సో నిబంధనల్లో ఆ మాట నేరుగా ఉంది. ప్రైవేటు ఆస్పత్రి అయినా ప్రథమ చికిత్స ఉచితంగా చేయాల్సిందే. పోలీసులకు తెలియజేయడం ఆస్పత్రి పని, చికిత్స దానికోసం ఆగదు.

గంటల లెక్క ముఖ్యం. చివరి ఘటన జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ రాకుండా మందులు మొదలుపెట్టొచ్చు. ఎంత త్వరగా అయితే అంత మేలు, 28 రోజులు రోజూ వేసుకోవాలి. వారానికి వాంతులొస్తున్నాయని చాలామంది ఆపేస్తారు, మీరు వెంటపడాల్సింది అప్పుడే. గర్భనిరోధక మాత్ర కూడా ఆ 72 గంటల్లోనే బాగా పనిచేస్తుంది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమ చేరి బూజుపట్టి ఆధారం పోతుంది. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మే మనిషి పక్కనుండాలి. రెండువేళ్ల పరీక్ష నిషేధం. ఎవరైనా చేయబోతే ఆపమనండి.

గర్భం ఉంటే మైనరుకు 24 వారాల వరకు తీయించే వీలుంది. 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 దాటితే హైకోర్టు దాకా పోవాలి. అక్కడ ఒక్కో రోజూ నష్టమే కనుక నెల తప్పిందనగానే పరీక్ష చేయించండి. డీఎన్‌ఏ కోసం నమూనా భద్రపరచమని దర్యాప్తు అధికారి చేత ముందే ఆస్పత్రికి రాయించాలి.

*

ప్రశ్న: వీడియోలున్నాయని, డబ్బు పంపకపోతే పెడతానని ఎవడో బెదిరిస్తున్నాడు. అమ్మాయికి పదిహేడు.
– పేరు వద్దు

డబ్బు పంపకండి, పంపితే రేపు ఇంకొంచెం అడుగుతాడు. మెసేజీలు చెరిపేయకండి. నంబరు, ఐడీ, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వీడియోను మాత్రం ‘సాక్ష్యం కోసం’ అని బంధువులకో, మాకో పంపకండి. పిల్లల అశ్లీల దృశ్యాలు పంపడం, దాచుకోవడం కూడా నేరమే. ఫోన్‌ను అలాగే పోలీసులకు ఇవ్వండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ పద్దెనిమిదేళ్లలోపు తీసిన దృశ్యాలకోసమే ఉంది. వీడియో మీ ఫోన్ దాటదు, దాని గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళ్తుంది.

*

ప్రశ్న: బాలసదన్‌లో ఉన్న అమ్మాయికి మూడు నెలల్లో పద్దెనిమిది నిండుతుంది. ఇంటికి వెళ్లనంటోంది. ఆ తర్వాత ఎక్కడికి?
– ఒక స్వచ్ఛంద కార్యకర్త, వరంగల్

మూడు నెలలంటే ఇప్పటికే ఆలస్యం. బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద ‘ఆఫ్టర్ కేర్’, అంటే హోం నుంచి బయటికొచ్చాక అందే సాయం, 21 ఏళ్ల దాకా, అవసరాన్ని బట్టి 23 దాకా ఇవ్వొచ్చు. మిషన్ వాత్సల్యలో నెలకు 4,000. పుట్టినరోజు దాటాక అడిగితే ఫైలు కొత్తగా మొదలవుతుంది, మధ్యలో ఆమె రోడ్డున పడుతుంది. ఈ వారమే ఆమె చేత సీడబ్ల్యూసీకి దరఖాస్తు రాయించండి.

బాలసదన్ నుంచి బయటికి రాకముందే ఆధార్‌లో వేలిముద్రల అప్‌డేట్, కుల, ఆదాయ పత్రాలు, మార్కుల మెమో, విడుదల ఆదేశం ఆమె చేతికి రావాలి. మైనరు బ్యాంకు ఖాతా పద్దెనిమిదికి ఆగిపోతుంది. కొత్త సంతకం, కేవైసీ ఇచ్చేదాకా డబ్బు కదలదు, ఆ 4,000 ఇరుక్కునేది అక్కడే. ఉండటానికి పద్దెనిమిది దాటిన స్త్రీలకు శక్తి సదన్‌లు ఉన్నాయి. హింసకు గురైన స్త్రీలకు తక్షణ సాయం చేసే సఖి కేంద్రంలో ఉండనిచ్చేది ఐదు రోజులే, దాన్ని నమ్ముకోవద్దు. గ్రామీణ పేద కుటుంబాల పిల్లలైతే వసతితో ఉపాధి శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూ-జీకేవై బ్యాచ్‌లు అడగండి. కుట్టుమిషనే ఎందుకు నేర్పిస్తారో గానీ, ఆమెకు ఏది ఇష్టమో ఒక్కసారైనా అడగండి.

*

ప్రశ్న: పోక్సో కేసు పెట్టి ఏడాదిన్నర. పైసా రాలేదు. వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే ఇప్పిస్తానని ఒక వకీలు అంటున్నాడు. కేసు ఓడిపోతే పరిహారం రాదట కదా?
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్ జిల్లా

రెండూ తప్పే. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే నిషేధం. నిందితుడు నిర్దోషిగా బయటపడినా, అసలు దొరక్కపోయినా, పిల్లకు నష్టం జరిగిందని కోర్టు నమ్మితే పరిహారం ఇవ్వొచ్చు.

ఇందులో మూడు మెట్లున్నాయి. చాలామంది మూడోదాని కోసమే ఎదురుచూస్తారు. మొదటిది ప్రత్యేక సాయం: తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకు సీడబ్ల్యూసీ సిఫార్సు చేస్తే వారంలో చెల్లించాలి. మీరు కోర్టుకు తిరిగిన బస్సు టికెట్లన్నీ దాచండి. రెండోది మధ్యంతర పరిహారం: ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా పోక్సో ప్రత్యేక కోర్టులో దరఖాస్తు వేయొచ్చు, తీర్పుదాకా ఆగనక్కర్లేదు. మూడోది తుది పరిహారం. కోర్టు ఆదేశించాక 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి.

ఎంత అన్నదానికి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018 పథకాన్ని కొలతగా తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచారానికి నాలుగు నుంచి ఏడు లక్షలు, సామూహిక అత్యాచారానికి ఐదు నుంచి పది. బాధితులు మైనర్లయితే ఈ హద్దులు 50 శాతం పెరుగుతాయి. మగపిల్లలకూ పోక్సో కేసుల్లో ఇదే కొలత.

దరఖాస్తుకు ఎఫ్‌ఐఆర్, వైద్య నివేదిక, వయసు పత్రం, బ్యాంకు పాస్‌బుక్ జత చేయండి. బడి మానేసిన కాలం, ఆస్పత్రి ఖర్చు, మీరు పోగొట్టుకున్న కూలి అంకెలతో రాయండి. ‘తీవ్ర మనోవేదన’ అని ఒక్క ముక్క రాస్తే కోర్టు కనీస మొత్తం దగ్గరే ఆగే ప్రమాదముంది. ఇది రాయడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరు చాలు. సీడబ్ల్యూసీని ‘సపోర్ట్ పర్సన్’ను కూడా అడగండి. కోర్టులో పాప పక్కన ఉండేదీ, ఈ దరఖాస్తుల వెంట తిరిగేదీ ఆ మనిషే.

డబ్బు మంజూరైందని వెంటనే లెక్కలు వేసుకోకండి. ఆ పథకం ప్రకారం మైనరు సొమ్ములో 80 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. పద్దెనిమిది నిండాలి, వేసి మూడేళ్లూ కావాలి, అప్పుడే తీయొచ్చు. వడ్డీ నెలనెలా సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. చదువుకో, వైద్యానికో ముందే కావాలంటే ఫీజు రసీదు లేదా డాక్టరు చీటీ జతచేసి అర్జీ పెడితే ఇచ్చే వీలుంది. పెళ్లి ఖర్చు అని రాస్తే ఆ మినహాయింపు కిందకు రాదు. పైగా పాపకు పద్దెనిమిది నిండకుండా ఆ మాట రాశారంటే సీడబ్ల్యూసీ మీ ఇంటికి ఇంకో పని మీద వస్తుంది.